మొగ దాటే వేళ

నాకు నీళ్ళంటే భయం. బిందెలో నీళ్ళు, బకెట్లో నీళ్ళు కాదు, కదిలే నీళ్ళు. భవానీపురంలో పుట్టి పెరిగాను. కృష్ణ మా సందుకి కూతవేటు దూరంలో ఉండేది. అయినా ఘాట్‌లో మోకాళ్ళు దాటి ఏనాడూ దిగలేదు. చిన్నప్పుడు ఒక వరదకి నదే మా సందులోకి వచ్చింది. మంచం మీద స్టూలు, స్టూలు మీద నేను, నా ఒళ్ళో బియ్యం డబ్బా. చూస్తుండగానే గుమ్మంలో ఉన్న మా నాన్న చెప్పులు ఒకదాని వెనక ఒకటి తేలుకుంటూ వీధిలోకి వెళ్ళిపోయాయి. ఎవరో తొడుక్కుని నడుస్తున్నట్టే వెళ్ళాయి. ఇన్నేళ్ళయినా నీళ్ళంటే నాకు ముందు ఆ చెప్పులే గుర్తుకొస్తాయి.

అలాంటి నేను బతుకుతెరువుకి చేసే పని కంప్యూటర్లో అలలు పుట్టించడం. నవ్వుకోండి, ఏమీ అనుకోను. పెళ్ళయిన కొత్తలో ఈ సంగతి తెలిసి మా ఆయన అన్నం ముందు కూర్చుని పొలమారేదాకా నవ్వాడు. "చీకటంటే భయపడేవాడు సినిమా హాల్లో టార్చిలైటు పని ఒప్పుకున్నట్టుంది" అన్నాడు. నేను పట్టించుకోలేదు. స్క్రీన్ మీద అలలు ఎవరినీ తడపవు. ఇష్టం లేకపోతే ఆపేసి ఇంటికి పోవచ్చు.

మా ఆఫీసు పటమటలో, మందుల షాపు పైన రెండు గదులు. మా సారు కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరై, ఊరికే కూర్చోలేక ఈ పని పెట్టుకున్నారు. ఆయన, నేను, గోడ పక్కన రొద పెట్టే రెండు పెద్ద కంప్యూటర్లు. జెట్టీ కట్టాలన్నా, ఒడ్డు కోసుకుపోతోందన్నా, బోట్లకి దారి చూపాలన్నా, ముందు అక్కడ అలలు ఎలా నడుస్తాయో మేము లెక్క కట్టి చెబుతాం. సముద్రపు అడుగుని చిన్న చిన్న గళ్ళుగా విడగొడతాం. ఒక్కో గడిలో లోతెంతో పెడతాం. బయటి నుంచి అలని లోపలికి వదులుతాం. అది ఏ గడిలో ఎంత లేస్తుందో, ఎటు తిరుగుతుందో కంప్యూటరు చెబుతుంది. దీన్ని మేము రన్ వేయడం అంటాం.

అల సంగతి కాస్త చెబితే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. లోతు ఉన్నంతసేపూ అల వల్ల ఎవరికీ హాని లేదు. పడవని ఎత్తి దింపి తన దారిన తను పోతుంది. లోతు తగ్గాక మొదలవుతుంది గొడవ. ముందు వరస నెమ్మదిస్తుంది, వెనక వరసకి ఆ కబురు తెలియదు. ఆటోనగర్ గేటు దగ్గర ముందు లారీ బ్రేకు వేస్తే వెనక బండ్లన్నీ మీద మీదకి వచ్చేసినట్టు, అలలూ దగ్గరపడి, ఇరుకై, ఎత్తు లేస్తాయి. ఆ ఎత్తుని మోయడానికి కింద నీళ్ళు చాలనప్పుడు విరిగి పడతాయి. ఇంకో సంగతి, అల ఎప్పుడూ లోతు తక్కువున్న వైపుకే తిరుగుతుంది. నీళ్ళ కింద ఇసుక మేట ఎక్కడుంటే చుట్టుపక్కల అలలన్నీ అక్కడికే వచ్చి చేరతాయి.

అప్పట్లో మా చేతిలో ఉన్న పని కృష్ణ సముద్రంలో కలిసే చోటుది. అవనిగడ్డ దాటి ఇంకా కిందికి వెళితే నది పాయలు సముద్రంలో పడతాయి. ఆ నోటిని అక్కడివాళ్ళు మొగ అంటారు. మొగకి అడ్డంగా, నీళ్ళ కింద, ఇసుక మేట ఉంటుంది. చేపల బోట్లు దాన్ని దాటే బయటికి పోవాలి, దాటే లోపలికి రావాలి. ఆ మేటలో ఎక్కడ సందు ఉందో, ఏ వేళకి దాటితే మేలో లెక్క కట్టడం మా పని. అప్పటికి చాలా నెలలుగా ఆ మేట మీద అలల్ని విరగ్గొడుతూనే ఉన్నాను. ఆ చోటుకి మాత్రం ఒక్కసారీ వెళ్ళలేదు. సారు రెండుసార్లు జీపు మాట్లాడితే రెండుసార్లూ నాకు తలనొప్పి వచ్చింది.

మా ఆయనకి ఆటోనగర్లో షెడ్డు ఉంది. డీజిల్ ఇంజన్లు దించి, విప్పి, బోరు చేయించి, మళ్ళీ కడతాడు. లారీ ఇంజన్లే ఎక్కువ. కోస్తాలో కొన్ని బోట్లకి కూడా పాత లారీ ఇంజనే బిగిస్తారు కనుక అటు నుంచీ పని వచ్చేది. ఆ ఏడు వరదలు తగ్గాక, మా మొగ దగ్గరి ఊరి నుంచే ఒక బోటు ఓనరు తన ఇంజన్ని మినీ లారీలో వేసుకుని వచ్చాడు. తల నెరిసిన పెద్దాయన, గొంతు ఖంగుమంటుంది. పని అయ్యాక ఇంజన్ని బోటులో దించి బిగించడానికి మా ఆయన్నే రమ్మన్నాడు. దాంతోపాటు ఇంకో మాట కూడా అన్నాడు.

ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉందట. ఇంజన్ కట్టినవాడు మొదటి ట్రిప్పులో బోటులో ఉండాలి. వాళ్ళతోపాటు సముద్రంలోకి వెళ్ళి, వాళ్ళతోపాటు తిరిగి రావాలి. ఎక్కనంటే తను కట్టిన ఇంజన్ మీద తనకే నమ్మకం లేనట్టు. అప్పుడు బోటు నడిపే సరంగు ఎక్కడు, బోటులో పనిచేసే కళాసీలూ ఎక్కరు.

ఆ సంగతి మా ఆయన ఇంట్లో చెప్పినప్పుడు నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను.

"మీకు ఈత రాదు కదండీ" అన్నాను.

"నేను వెళ్ళేది ఈదడానికా? ఇంజన్ చూడటానికి."

"అది ఆగిపోతే?"

"నేను కట్టిన ఇంజన్ ఆగదు."

ఎక్కడలేని ధైర్యం మగవాళ్ళకి ఇలాంటప్పుడే వస్తుంది. నేను ఊరుకోలేదు. "లారీ ఇంజన్ కట్టినప్పుడల్లా ఆ లారీ ఎక్కి మద్రాసు దాకా పోతున్నారా మరి?" అని తగులుకున్నాను.

"లారీ ఆగితే దిగి నడిచొస్తారు. అక్కడ దిగి ఎటు నడుస్తారు? అందుకే పెట్టుకున్నారు ఆ కట్టుబాటు" అన్నాడు మా ఆయన.

వెళ్ళే రోజు మా అత్తగారు దువా చదివి కొడుకు నెత్తి మీద ఊదింది. నేను టిఫిన్ డబ్బా ఇచ్చి ముఖం తిప్పుకున్నాను. కోపం అనుకున్నాడేమో, కోపం కాదది.

ఆ రోజు శుభ్రమైన ఎండ. ఆకు కదలని గాలి. నేను ఆఫీసుకి వెళ్ళిన కాసేపటికి మా ఆయన బోటులోంచే ఫోన్ చేశాడు. పోటు మీద, అంటే సముద్రం ఎక్కి మొగ నిండుగా ఉన్న వేళ, సుఖంగా దాటేశారట. "పలక లాగుంది సముద్రం. నీ అలలేవీ, సెలవు పెట్టాయా?" అని వెక్కిరించాడు. వినమని ఫోన్ ఇంజన్ దగ్గర పెట్టాడు. ఆ చప్పుడు వింటే నాకు కాస్త ప్రాణం కుదుటపడింది. మధ్యాహ్నానికి తిరిగొస్తామన్నాడు. తర్వాత సిగ్నల్ పోయింది.

అన్నం తిన్నాక, ఊరికే, నిజంగా ఊరికే, ఆ రోజు బయటి సముద్రంలో అల ఎలా ఉందో చూశాను. రోజూ వచ్చే అంచనాయే అది. ఎత్తు పెద్దగా ఏమీ లేదు. కానీ ఒక అలకీ దాని వెనక అలకీ మధ్య ఎంత ఎడం ఉందో చూసేసరికి నా చేతిలో మజ్జిగ గ్లాసు అలాగే ఆగిపోయింది. ఇక్కడి గాలికి పుట్టిన అలలు గబగబా వస్తాయి. ఇవి తీరిగ్గా వస్తున్నాయి. ఇలాంటివి ఎక్కడో దక్షిణాన, మనకి పేరైనా తెలియని గాలివానకి పుట్టి, రోజుల తరబడి నడిచి వస్తాయి. మన ఆకాశంలో మబ్బు ఉండదు. లోతులో బోటు మీద ఉన్నవాడికి ఎవరో ఉయ్యాల ఊపినట్టుంటుంది తప్ప ఏమీ తెలియదు. మేట మీదికి వచ్చాక అంత పొడుగు అల ఒక్కచోట కూడుకుని నిలువునా లేస్తుంది. అధికారులు జాగ్రత్త చెప్పినా, ఎండ కాస్తుంటే ఆ మాట చెవికెక్కించుకునేవాళ్ళు తక్కువ.

పైగా వాళ్ళు తిరిగొచ్చేది ఆటు వేళ. సముద్రం వెనక్కి తీసి, మేట మీద నీళ్ళు పలచబడి, నది బయటికి తోసుకుపోయే వేళ. బయటికి పోయే నీళ్ళు లోపలికి వచ్చే అలకి ఎదురు తగిలితే అల ఇంకా నిక్కుతుంది. ఇదంతా నేను పాఠంలా చెప్పగలను, చాలామందికి చెప్పాను కూడా. ఆ రోజు ఆ పాఠం నా మీదికే వచ్చి కూర్చుంది.

మా ఆయనకి ఫోన్ చేశాను. కలవలేదు. ఒడ్డున ఉన్న ఓనరు పెద్దాయనకి చేశాను. బోటుతో మాట్లాడటానికి ఆయన దగ్గర వైర్‌లెస్ సెట్టు ఉంది.

"బాబాయ్ గారూ, బోటు ఎక్కడుందండీ?"

"వస్తా ఉందమ్మా. ఇంజన్ బ్రహ్మాండంగా ఉందంట. ఇంకాసేపట్లో మొగ కాడికి వచ్చేస్తారు."

"మొగ దగ్గర తెల్లగా ఏమన్నా విరుగుతోందా?"

"గాలే లేదు గదమ్మా. ఎప్పుడన్నా ఒకటి లేస్తంది, మళ్ళీ మామూలే."

ఎప్పుడన్నా ఒకటి. దూరపు అలలు అలాగే వస్తాయి, గుంపులుగా. గుంపుకీ గుంపుకీ మధ్య సముద్రం ఏమీ ఎరగనట్టు ఉంటుంది. ఆ మధ్యలో చూసినవాడు బయల్దేరతాడు, మేట మీదికి వచ్చేసరికి తర్వాతి గుంపు వెనకే వచ్చి ఉంటుంది.

"బాబాయ్ గారూ, వాళ్ళని మొగ బయటే ఆపండి. నేను చూసి చెప్తాను."

"పటమటలో కూర్చోని ఏం చూస్తావమ్మా?"

వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. గట్టున కూర్చుని ఎన్నైనా చెబుతారంటారు. నేను గట్టు మీద కూడా లేను. అయినా నా గొంతులో ఏం వినపడిందో, ఆపుతానన్నాడు.

మొత్తం సముద్రానికి రన్ వేస్తే తేలేసరికి తెల్లారుతుంది. అందుకని మొగ ఒక్కటే కత్తిరించి, గళ్ళు పెద్దవి చేసి, తొందర తొందరగా వేశాను. తొందరపడితే ఏమవుతుందో నాకు తెలుసు, అదే అయింది. రన్ పేలింది. మా పనిలో ఆ మాట అందరూ వాడతారు. లెక్క ఎక్కడో అదుపు తప్పితే ఒక గడిలో అంకె పిచ్చిగా పెరుగుతుంది, పక్క గడికి అంటుకుంటుంది, చూస్తుండగానే స్క్రీన్ అంతా తాటిచెట్ల ఎత్తు అలలు, ఎత్తుని చూపే ఎరుపు రంగులో. ఎన్నోసార్లు చూసి నవ్వుకున్న సంగతే. అది అల కాదు, చెత్త లెక్క అని తెలుసు. తెలిసినా ఆ ఎర్రటి రంగు మొగ మొత్తాన్ని మింగేస్తుంటే నేను కుర్చీలోంచి లేచి గోడకి ఆనుకున్నాను. ఆ గళ్ళలో ఒక గడిలో మా ఆయన ఉన్నాడు.

అలికిడికి సారు పక్క గదిలోంచి వచ్చారు. విషయం చెప్పాను. ఆయన కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు. మళ్ళీ వేశాను, ఈసారి జాగ్రత్తగా. తేలింది. మేట మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా అలలు విరుగుతున్నాయి. దక్షిణం పక్కన మాత్రం సన్నటి సందు, అందులో విరగడం లేదు. పోనీ, దారి ఉంది అనుకున్నాను. అనుకున్న మరుక్షణమే లోతుల ఫైలు తారీకు మీద కన్ను పడింది.

ఆ అడుగు లోతులు వరదకి ముందు కొలిచినవి. వరదొస్తే నది ఎంతో ఇసుక తెచ్చి మొగలో పోస్తుంది. మేట జరుగుతుంది, సందులు పూడుతాయి, కొత్తవి తెరుచుకుంటాయి. కొత్త కొలతలు ఇంకా తీయలేదు. నా స్క్రీన్ మీద ఉన్నది వరదకి ముందటి మొగ. మా ఆయన ముందున్నది ఇవ్వాళ్టి మొగ. ఆ రెండింటికీ పోలిక ఎంతో ఎవరికీ తెలియదు.

అప్పుడే ఫోన్ మోగింది. మా అత్తగారు. "బేటా, వాడికి ఫోన్ కలవట్లేదేంటి?"

"సముద్రంలో సిగ్నల్ ఉండదు అత్తమ్మా."

"సరే, ఖీమా తెప్పించాను. వేడిగా ఉండగానే తినాలి, త్వరగా రమ్మని చెప్పు."

"చెప్తాను" అన్నాను. ఫోన్ పెట్టాక సారు మంచినీళ్ళ సీసా నా ముందుకి జరిపారు.

వెంటనే పెద్దాయన ఫోన్. ఈసారి ఆ ఖంగుమనే గొంతు తగ్గి ఉంది. "అమ్మా, ఇంజన్ వేడెక్కుతా ఉందంట. నీళ్ళు తోడే పంపులో ఏదో అడ్డం పడింది. మీ ఆయన ఆపి విప్పుదామంటున్నాడు. ఆపితే లంగరేయాల, ఊపు ఎక్కువైంది. మళ్ళీ స్టార్టు కాకపోతే? సరంగేమో ఇంజన్ ఉండగానే దక్షిణం సందులోంచి దూసుకొచ్చేద్దామంటున్నాడు. వాళ్ళకి ఏదో ఒకటి చెప్పాల. రమ్మంటావా, ఆగమంటావా?"

"మీకేమనిపిస్తోంది బాబాయ్ గారూ?"

"నాకు అనిపించేది ఏముందమ్మా. ఇయ్యాల సంద్రం నాకు అంతుపట్టలేదు. పొద్దున్నుంచీ కళ్ళు చించుకుని చూస్తా ఉన్నా. మీ ఆయనే లోపలున్నాడు, నువ్వు తేలిగ్గా చెప్పవు. నువ్వు ఏదంటే అదే చెప్తా."

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. ఆగమంటే, ఆపిన ఇంజన్ మళ్ళీ లేవకపోతే, లంగరు తెగితే, ఆ అలలే వాళ్ళని మేట మీదికి తోస్తాయి. రమ్మంటే, ఆ సందు పూడిపోయి ఉంటే, ఈత రాని మనిషి. కాసేపు ఆగి చేస్తానని చెప్పి సారు వైపు తిరిగాను.

"సార్, మీరు చెప్పండి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నేను చెప్పి, అది తప్పయితే, నువ్వు నన్ను జన్మంతా తిట్టుకుంటావమ్మా. ఒప్పయినా నీ భయం తీరదు. నువ్వే చెప్పాలి. నేను ఇక్కడే ఉంటా."

తిట్టాలనిపించింది. తిట్టే తీరిక లేదు. వరద ఇసుకని ఎటు తోసి ఉంటుందో ఊహించి, మేటని దక్షిణానికి జరిపి ఒక రన్ వేశాను. ఉత్తరానికి జరిపి ఇంకో రన్ వేశాను. దాన్ని రెండో కంప్యూటరు మీద సారు నడిపించారు. మొదటిదాంట్లో దక్షిణం సందు మూసుకుపోయింది. రెండోదాంట్లో సందు ఉంది, కానీ సరంగు అనుకునే చోట లేదు. ఏ రన్ మాట ఆ రన్ చెప్పింది. ఏది నిజమో తేల్చుకోవడానికి నాకు దిక్కులేదు. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని, ఏడుపు ఆపుకుంటూ, గంట గంటకీ ముందుకు జరుపుతూ పోయాను. ఒక్కచోట మాత్రం రెండూ ఒకే మాట అన్నాయి. పోటు మళ్ళీ ఎక్కాక, నీళ్ళు లోపలికి తిరిగాక, మేట మీద విరగడం రెండింటిలోనూ తగ్గింది. పూర్తిగా పోలేదు, తగ్గింది. అప్పటికి పొద్దు వాలుతుంటుంది, ఇంకా వెలుతురు ఉంటుంది.

నాకు దొరికిన ఆధారం అంతే. పెద్దాయనకి ఫోన్ చేశాను.

"ఇంజన్ ఆపి లంగరు వేయమనండి. పంపు విప్పుకోమనండి. పోటు ఎక్కేదాకా రావద్దు. వచ్చేటప్పుడు పెద్ద అలల గుంపు పోనిచ్చి, దాని వెనకే రావాలి."

"ఇదే మాటా?"

"ఇదే మాట" అన్నాను.

తర్వాత పెద్దాయన సెట్టుని ఫోన్ దగ్గర పెట్టాడు. బరబరల మధ్య మా ఆయన గొంతు. "ఆగమంది నువ్వేనా?"

"నేనేనండి."

"పేగులు బయటికొచ్చేలా కక్కుతున్నాను ఇక్కడ."

"కక్కుకోండి. రావద్దు."

"పంపు విప్పాను" అన్నాడు. "మళ్ళీ కడతాలే. అమ్మకి చెప్పకు."

ఆ సాయంత్రం ఎలా గడిచిందో చెప్పమంటే చెప్పలేను. కింద మందుల షాపుకి ఎవరెవరో వస్తున్నారు, పోతున్నారు, స్కూటర్లు స్టార్టు చేస్తున్నారు. ప్రపంచంలో ఇంజన్లన్నీ లేస్తున్నాయి, ఆ ఒక్కటి తప్ప. తెలిసిన దువాలన్నీ చదివాను. మధ్యలో తప్పుపోతే మళ్ళీ మొదటి నుంచి చదివాను. సారు సరస్వతి పటం ముందు చేతులు కట్టుకుని నిలబడటం మొదటిసారి చూశాను. నాకు కళ్ళు మూస్తే చాలు, మా నాన్న చెప్పులు తేలుకుంటూ వెళ్ళిపోతున్నాయి.

పొద్దు వాలాక పెద్దాయన ఫోన్ చేశాడు. "లేచింది" అన్నాడు. ఇంజన్. "లంగరు తీశారు. ఫోన్ పెట్టమాక. కనపడేదల్లా చెప్తా." చెప్పసాగాడు. వస్తున్నారు. ఆగారు, అలల్ని పోనిస్తున్నారు. ఒకటి పోయింది. ఇంకోటి. ఇప్పుడు కదిలారు. మేట మీదికి వచ్చారు. అంతవరకూ చెప్పి ఆయన ఆగిపోయాడు. "బాబాయ్ గారూ" అన్నాను. జవాబు లేదు. అటు నుంచి ఎవరో కేక పెట్టారు, మాట తెలియలేదు. నేను బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను.

"దాటేశారమ్మా" అన్నాడు పెద్దాయన. ఆయన ఏడుస్తున్నాడు. సారు ఫోన్ తీసుకుని మిగతాది మాట్లాడారు.

ఇంటికొచ్చాక మా ఆయన వేడి చేసిన ఖీమా ముట్టుకోలేదు. డీజిల్ వాసన, ఉప్పు కట్టిన చొక్కా. మా అత్తగారు లోపలికి వెళ్ళాక చెప్పాడు. "నువ్వు చెప్పని అల ఒకటి వచ్చింది. వెనక నుంచి ఎక్కింది. బోటు సగం నీళ్ళు. ఇంజన్ పెట్టె కౌగిలించుకుని కూర్చున్నా. అది ఆగి ఉంటే…" అన్నాడు, అక్కడితో ఆపేశాడు. తెల్లారాక చూస్తే నా చెయ్యి ఆయన చొక్కా పట్టుకునే ఉంది.

కొన్నాళ్ళకి కొత్త కొలతలు వచ్చాయి. నేను ఊహించినట్టు మేట దక్షిణానికీ పోలేదు, ఉత్తరానికీ పోలేదు. రెండు ముక్కలైంది. సరంగు దూసుకొద్దామన్న సందు పూర్తిగా పూడిపోయింది. ఆ రోజు సరంగు దూసుకొద్దామన్న వేళకి ఆ లోతులు పెట్టి రన్ వేశాను. బోటు రావాల్సిన దారి పొడుగునా తెల్లగా విరిగింది. సారు చూసి, కళ్ళజోడు తీసి, టీ పెడతానని లేచి వెళ్ళారు. నేను ఆ రన్ చెరిపేశాను. చెరిపినా ఇప్పటికీ కనపడుతుంది.

కొత్త కొలతలతో మళ్ళీ నెలల పాటు లెక్క కట్టి, రెండు మేటల మధ్యగా బోట్లు వెళ్ళే దారి ఒక గీత గీశాం. దాని కాగితాలు పంపిన వారానికి పెద్దాయన నుంచి ఫోన్ వచ్చింది.

"రేపు ఆదివారం నా బోటు నీ గీత మీద పోతా ఉందమ్మా. పొద్దున్నే వచ్చెయ్."

"నేనెందుకండీ?"

"ఎందుకేందమ్మా. నువ్వు కట్టిన లెక్క గదా."

ఫోన్ పెట్టి మా ఆయన వైపు చూశాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "ఇంజన్ కట్టినవాడికి ఒక న్యాయం, లెక్క కట్టినదానికి ఒక న్యాయం ఉంటుందా?" అన్నాడు మెల్లగా. తర్వాత, "వద్దంటే నేను చెప్తాలే ఆయనతో. తలనొప్పి అని" అన్నాడు.

ఒప్పుకోవాలని ఎంత ఉందో చెప్పలేను. నేను ఎక్కకపోతే వాళ్ళూ ఎక్కరు. లేదా, ఇంకా ఘోరం, నా మాట మీద నేను లేకుండానే ఎక్కుతారు.

వెళ్ళాను. ఒడ్డున పెద్దాయన వైర్‌లెస్ సెట్టు మా ఆయన చేతికిచ్చాడు. బోటులో చోటు ఉందని మా ఆయన ఎంత బతిమాలినా ఎక్కనివ్వలేదు. "ఇయ్యాల్టి పని ఆమెది" అన్నాడు. మా ఆయన సెట్టు పట్టుకుని గట్టున నిలబడ్డాడు. ఆ ముఖం చూశాక నేను వెనక్కి తిరిగి చూడలేదు.

నారింజ రంగు లైఫ్ జాకెట్ కట్టి నన్ను ఇంజన్ పెట్టె మీద కూర్చోబెట్టారు. కింద మా ఆయన కట్టిన ఇంజన్ నా ఎముకల్లో కొట్టుకుంటోంది. మొగ దగ్గరపడింది. ఇన్నేళ్ళూ గళ్ళలో చూసిందంతా ఎదురుగా ఉంది. అల నెమ్మదించడం, వెనకది వచ్చి చేరడం, వీపు లేవడం, అంచు పలచబడి పచ్చగా వెలుగు కనపడటం, అన్నీ నేను చెప్పినట్టే. స్క్రీన్ మీద అలకి చప్పుడు లేదు. ఇక్కడ ఆ చప్పుడు పొట్టలోకి దిగుతోంది. నోట్లో ఉప్పు. కుడిపక్క తెల్లగా విరుగుతోంది, ఎడమపక్క తెల్లగా విరుగుతోంది. మధ్యలో నా గీత ఉండాలి. నీళ్ళ మీద గీతలుండవు.

సరంగు ఇంజన్ తగ్గించి నా వైపు తిరిగాడు. ఆ రోజు మా ఆయనతో ఉన్న మనిషే.

"ఎటు పోనియ్యమంటావమ్మా?"

ఒక పెద్ద అల పోయింది. ఇంకోటి పోయింది. నేను పెట్టె మీద నుంచి ఒక చెయ్యి వదిలాను. ఎత్తి, రెండు తెలుపుల మధ్యకి చూపించాను.